డూడుల్ బొచ్చుకు ఏ బ్రష్ కొనాలి, ఎలా దువ్వాలి?

"రోజూ దువ్వుతూనే ఉన్నాం. అయినా గ్రూమర్ (కుక్కల జుట్టు కత్తిరించేవారు) దగ్గరికి తీసుకెళ్తే లోపలంతా అట్ట కట్టింది, మొత్తం గొరిగెయ్యాల్సిందే అన్నారు. అసలు ఏ బ్రష్ కొనాలి?" గోల్డెన్‌డూడుల్, లాబ్రడూడుల్, కాకపూ, కావపూ, బెర్నెడూడుల్... పూడుల్‌కు మరో జాతి కలిసి పుట్టిన ఈ డూడుల్ కుక్కల పేర్లు మారతాయి గానీ అడిగే ప్రశ్న మాత్రం ఇదే.

చిన్న జవాబు: ఒక స్లికర్ బ్రష్ (సన్నటి తీగ పళ్ల బ్రష్), ఒక స్టీలు దువ్వెన. బ్రష్ చిక్కు తీస్తుంది, అది నిజంగా పోయిందో లేదో దువ్వెన చెబుతుంది. అయితే స్లికర్లలో ఏది అన్నది జాతి పేరును బట్టి తేలదు. మీ కుక్క చర్మం దగ్గర జుట్టు ఎలా ఉందో చూస్తేనే తేలుతుంది. కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

## 1. కొనే ముందు వేళ్లతో చూడండి

ఒళ్లు పొడిగా ఉన్నప్పుడు కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని మూడు చోట్ల పాపిడి తీయండి: వీపు మధ్యలో, చెవి వెనక, తొడ పక్కన. చర్మం కనిపించేదాకా తీయాలి. పైపైన నిమిరితే ఏమీ తెలియదు, డూడుల్ ఏదైనా పైకి మెత్తటి బొమ్మలాగే ఉంటుంది.

ప్రతి చోటా ఇవి చూసుకోండి:

- వెంట్రుక సాపుగా ఉందా, అలలుగా ఉందా, స్ప్రింగులా చుట్టుకుందా?
- మొదట్లో దూదిలాంటి మెత్తటి లోబొచ్చు ఉందా?
- సాగదీసి పట్టుకుంటే జుట్టు ఎన్ని సెంటీమీటర్లు వస్తోంది? స్కేలు పెట్టి కొలవండి. ఉంగరాల జుట్టు కంటికి కనిపించేదానికంటే చాలా పొడవుంటుంది.
- చర్మం కనిపించనివ్వకుండా ఏదైనా ముద్ద అడ్డుపడుతోందా?

మూడు చోట్లా మూడు రకాలు తగిలినా ఆశ్చర్యం లేదు. తల మీద పట్టులా, వీపు మీద అలలుగా, తొడల మీద ఉన్నిలా ఉన్న కుక్కలు చాలానే ఉంటాయి. అలాంటప్పుడు అన్నిటికంటే మొండిగా ఉన్న చోటును చూసి బ్రష్ ఎంచుకోండి. మిగతా చోట్ల అదే బ్రష్‌ను తేలిగ్గా ఆడిస్తే సరిపోతుంది.

కాగితం మీద ఎఫ్1, ఎఫ్1బి అని రాసి ఉందని దాన్ని పట్టుకుని కొనొద్దు. పూడుల్‌కూ మరో జాతికీ పుట్టిన మొదటి తరం ఎఫ్1, దాన్ని మళ్లీ పూడుల్‌తో కలిపితే ఎఫ్1బి. పూడుల్ వాటా పెరిగేకొద్దీ ఉంగరాలు వచ్చే అవకాశం పెరుగుతుంది, అంతే. ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లలకు రెండు రకాల బొచ్చు రావడం మామూలే.

డూడుల్‌కు ఇంత చిక్కు ఎందుకు పడుతుందో తెలిస్తే తర్వాత చెప్పబోయేవన్నీ సులువుగా అర్థమవుతాయి. పూడుల్ జుట్టు పెరుగుతూనే ఉంటుంది, తక్కువ రాలుతుంది. రిట్రీవర్ లాంటి వాటికి లోబొచ్చు ఉంటుంది, అది బాగా రాలుతుంది. ఈ రెండూ ఒకే ఒంటి మీద కలిస్తే రాలిన లోబొచ్చు నేల మీద పడదు, ఉంగరాల్లో ఇరుక్కుని అక్కడే ముడిపడుతుంది. ఇల్లంతా బొచ్చు పడట్లేదని మనం సంతోషిస్తుంటాం. పడాల్సినదంతా కుక్క మీదే ఉంటుంది!

## 2. మీ కుక్కది ఏ రకం?

సాపు జుట్టు. వెంట్రుక దాదాపు నేరుగా ఉంటుంది, మూతి మీద గడ్డం పలచగా ఉంటుంది లేదా అసలుండదు. మూడింట్లో ఎక్కువగా రాలేది ఇదే, తక్కువ చిక్కుపడేదీ ఇదే. మామూలు పొడవు పళ్ల మెత్తటి స్లికర్, దువ్వెన చాలు. లోబొచ్చు బాగా ఉంటే దానికి తోడు ఒక రేక్ (లోబొచ్చును లాగి తీసే పళ్ల పనిముట్టు).

అలల జుట్టు. గ్రూమర్లు ఫ్లీస్ అనేది దీన్నే. పట్టులా జారుతుంది, వదులు అలలుగా వేలాడుతుంది. చూడ్డానికి చిక్కే లేనట్టు ఉంటుంది, మోసపోయేది కూడా ఇక్కడే. పైన అలలు చక్కగా ఊగుతుంటాయి, అడుగున చర్మాన్ని ఆనుకుని పలచటి అట్ట తయారవుతుంటుంది. దీనికి పొడవు పళ్ల స్లికర్ కావాలి, పళ్ల వెనకుండే రబ్బరు మెత్త కాస్త వదులుగా ఉండాలి.

ఉన్ని ఉంగరాలు. పూడుల్ బొచ్చులా దట్టంగా, స్ప్రింగుల్లా ఉంటుంది. నొక్కితే మళ్లీ పైకి లేస్తుంది. పొడవు, గట్టి పళ్ల స్లికర్ లేకపోతే బ్రష్ పైనే తేలిపోతుంది. దువ్వెన కూడా బలంగా ఉండాలి, పళ్లు వంగకూడదు.

పిల్ల బొచ్చు మారే వయసు. ఇది నాలుగో రకం కాదు గానీ విడిగా చెప్పుకోవాల్సిందే. సుమారు 6 నుంచి 12 నెలల మధ్య పిల్ల బొచ్చు పోయి పెద్ద బొచ్చు వస్తుంది. కొన్నింటికి ఇంకా ఆలస్యమవుతుంది. పాతది రాలుతూ కొత్తదానికి చుట్టుకుంటుంది. అప్పటిదాకా వారానికి రెండుసార్లు దువ్వితే సరిపోయిన కుక్కకు ఒక్కసారిగా రోజూ చిక్కు కనిపిస్తుంటే కారణం సాధారణంగా ఇదే. పిల్లప్పుడు కొన్న చిన్న మెత్తటి బ్రష్ ఇక పనికిరాదు. ఈ వయసులో మళ్లీ ఒకసారి పాపిడి తీసి చూసి, పెద్ద బొచ్చుకు సరిపడే బ్రష్ తీసుకోండి.

## 3. స్లికర్‌లో ఏం చూడాలి

సన్నటి తీగ పళ్లు, కొస దగ్గర కొద్దిగా వంపు, వెనక రబ్బరు మెత్త: ఇదే స్లికర్. దుకాణంలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేడా నాలుగు చోట్ల ఉంటుంది.

పళ్ల పొడవు. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. జుట్టు 3 సెంటీమీటర్ల లోపు కత్తిరించి ఉంచుతారా, 1.2 నుంచి 1.5 సెంటీమీటర్ల మామూలు పళ్లు చాలు. 4, 5 సెంటీమీటర్లు దాటి పెంచుతారా, 2 నుంచి 2.5 సెంటీమీటర్ల పళ్లు ఉన్నది తీసుకోండి. పొట్టి పళ్ల బ్రష్‌తో పొడవు జుట్టును దువ్వడమంటే దుప్పటి మీద దుమ్ము దులిపి పరుపు శుభ్రమైందనుకోవడమే.

మెత్త. బొటనవేలితో నొక్కి చూడండి. లోపలికి బాగా దిగితే అలల జుట్టుకు, పలచటి చర్మానికి, కొత్తగా నేర్చుకునే చేతికి మంచిది. గట్టిగా ఉంటే దట్టమైన ఉన్నికి మంచిది. చెయ్యి బరువైన వాళ్లు, ఉన్ని బొచ్చు అయినా సరే, మెత్తటిదాంతోనే మొదలుపెట్టడం మేలు.

కొసలు. పళ్ల చివర ప్లాస్టిక్ బొట్లు ఉన్నవి సురక్షితమని చాలామంది కొంటారు. పిల్లలకు, అలవాటు చేసే రోజులకు పర్లేదు. దట్టమైన బొచ్చులోకి మాత్రం అవి సాఫీగా దిగవు. పైగా కొన్నాళ్లకు ఆ బొట్లు ఊడిపోతే మిగిలిన తీగ మొన గీరుతుంది. బొట్లు లేకపోయినా కొసలు నున్నగా అరగదీసి ఉన్న బ్రష్ నా లెక్కలో మెరుగు.

తల సైజు. పెద్ద డూడుల్ వీపుకు పెద్దది, కాళ్లకూ మూతికీ చిన్నది. ఒక్కటే కొనాలంటే మధ్యరకం తీసుకోండి. పెద్ద బ్రష్‌తో చంకలో దువ్వడం ఎవరి వల్లా కాదు.

కొనేముందు ఒక పరీక్ష: మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలివైపు చర్మం మీద బ్రష్ ఆనించి తేలిగ్గా లాగండి. చక్కిలిగింతలా ఉంటే మంచిది. తెల్ల గీతలు పడితే చెయ్యి ఇంకా తేలిక చేసి మళ్లీ లాగండి. అప్పటికీ గీరితే ఆ బ్రష్ వద్దు.

## 4. దువ్వెన, మిగతా సామాను

దువ్వెన స్టీలుదే కావాలి. పొడవు 18 నుంచి 20 సెంటీమీటర్లు, పళ్లు 2.5 నుంచి 3 సెంటీమీటర్లు. సగం ఎడం పళ్లు, సగం ఒత్తు పళ్లు. కొసలు గుండ్రంగా ఉండాలి. ప్లాస్టిక్ దువ్వెన వంగి చిక్కు మీదుగా జారిపోతుంది, చిక్కు పోయిందన్న భ్రమ మిగులుస్తుంది. పేల దువ్వెనను చిక్కు తీయడానికి వాడొద్దు, అంత ఒత్తు పళ్లు జుట్టును పీకేస్తాయి.

మిగతావాటి గురించి క్లుప్తంగా:

- పిన్ బ్రష్: ఎడంగా ఉండే పళ్లతో మనుషుల హెయిర్ బ్రష్‌లా ఉంటుంది. సాపు జుట్టుకు, చివర్లో ఒకసారి సర్దడానికి. చిక్కు తీయలేదు.
- కుచ్చు బ్రష్: మెరుపు తెస్తుంది, లోపలికి పోదు. డూడుల్‌కు అనవసరం.
- లోబొచ్చు రేక్: లోబొచ్చు ఉన్న సాపు జుట్టుకు మాత్రమే. ఉంగరాల్లో దింపితే కుక్క అరుస్తుంది.
- బ్లేడు ఉన్న డీషెడ్డింగ్ (రాలే బొచ్చు తీసే) పనిముట్టు: వద్దు. రాలిన బొచ్చుతోపాటు పైబొచ్చునూ కోసేస్తుంది, ఆ విరిగిన కొసలు మళ్లీ చిక్కుపడతాయి.
- చిక్కు కోసే రేక్: లోపలివైపు పదునుంటుంది. చేతికి అలవాటయ్యాకే.
- రబ్బరు చేతి తొడుగు: స్నానంలో షాంపూ పట్టించడానికి బాగుంటుంది.
- చిక్కు తీసే స్ప్రే: కుక్కలకు వాడే కండిషనర్‌ను బాగా నీళ్లు కలిపి సీసాలో పోసుకున్నా సరిపోతుంది.

డబ్బు చూసి కొనాల్సి వస్తే వరుస ఇది: మొదట దువ్వెన, తర్వాత మంచి స్లికర్, ఆపైన స్ప్రే. మిగతావి ఆరు నెలలు ఆగి, అవసరం కనిపిస్తే కొనండి.

## 5. దువ్వే ముందు

- కుక్కను నడకకు తీసుకెళ్లి వచ్చాక కూర్చోండి. ఉరకలేసే కుక్కతో పని జరగదు.
- జారని చాప మీద గానీ, రబ్బరు పరిచిన బల్ల మీద గానీ నిలబెట్టండి. బల్ల మీద ఉంచి పక్కకు వెళ్లొద్దు.
- మెడ పట్టీ, హార్నెస్ (ఛాతీకి వేసే పట్టీలు) తీసేయండి. ఎక్కువ చిక్కు వాటి కిందే ఉంటుంది.
- వేళ్లతో ఒళ్లంతా తడిమి ముద్దలు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోండి.
- చిన్న చిన్న తినుబండారాలు చేతికందేలా పెట్టుకోండి.
- పూర్తిగా పొడి జుట్టు తెగుతుంది. దువ్వబోయే చోట స్ప్రే మంచులా పడాలి, కారకూడదు.

పెద్ద డూడుల్‌ను మొత్తం దువ్వడానికి గంట దాకా పట్టొచ్చు. ఒకేసారి చేయాలని రూలేం లేదు. ఇవాళ వెనక కాళ్లు, రేపు ముందు కాళ్లు, ఎల్లుండి ఒళ్లు అని పంచుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

## 6. పాపిడి తీసి దువ్వే వరుస

ఎంత మంచి బ్రష్ కొన్నా పైపైన లాగితే ఫలితం సున్నా. ఒక్కో పాయ విడదీసి చర్మం దగ్గర నుంచి కొస దాకా దువ్వాలి.

1. వెనక కాలి పాదం దగ్గర మొదలుపెట్టండి. కింది నుంచి పైకి పోవాలి. పైన మొదలుపెడితే ఇంకా దువ్వని జుట్టు కింద ఎక్కడుందో కనిపించదు.

2. ఎడమ చేత్తో జుట్టును పైకి ఎత్తిపట్టి, అడుగున వేలి మందం పాయ మాత్రం కిందికి వదలండి. అక్కడ చర్మం గీతలా కనిపించాలి. కనిపించకపోతే పాయ మందంగా తీశారన్నమాట.

3. స్లికర్‌ను కలంలా, వేళ్లతో వదులుగా పట్టుకోండి. పిడికిలి బిగిస్తే భుజం బలమంతా పళ్ల మీద పడుతుంది. తట్టినట్టు ఆనించి, బయటికి తీయండి. చర్మం మీద ఈడ్చొద్దు.

4. ముందు కొసలు, తర్వాత మధ్య, చివర మొదలు. మనిషి జడ చిక్కు తీసినట్టే.

5. మూడు నాలుగు సార్లు దువ్వాక దువ్వెన ఎడం పళ్లను చర్మం దగ్గర పెట్టి కొస దాకా లాగండి. ఆగకుండా వస్తే ఒత్తు పళ్లతో మళ్లీ లాగండి. ఎక్కడైనా ఆగితే అక్కడే స్లికర్‌తో ఇంకోసారి.

6. రెండు రకాల పళ్లూ సాఫీగా వచ్చాకే పైనుంచి ఇంకో పాయ వదలండి.

7. వెనక కాళ్లు, ముందు కాళ్లు, పొట్ట పక్కలు, వీపు, ఛాతీ, మెడ, తోక, చివరగా చెవులు, మూతి. మూతి దగ్గర స్లికర్ వద్దు, దువ్వెన చాలు. కళ్ల దగ్గర దువ్వెన కొస కంటికి దూరంగా తిరిగి ఉండాలి.

ఒకే చోట పదిసార్లకు మించి లాగకండి. చర్మం ఎర్రబడినా, చేతికి వెచ్చగా తగిలినా ఆపేయండి. బ్రష్ రాపిడికి చర్మం మండుతుంది, కుక్క ఆ చోటును నాకుతూ ఇంకా పుండు చేసుకుంటుంది.

తప్పకుండా మరచిపోయే చోట్లు:

- చెవుల వెనక, చెవి అంచు
- చంకలు
- గజ్జలు
- మెడ పట్టీ కింద
- తోక మొదలు
- వేళ్ల మధ్య
- తిండి, నీళ్లు తగిలే గడ్డం

సమయం లేని రోజున ఈ ఏడు చోట్లా దువ్వెన దింపినా చాలు, ఆ రోజు గట్టెక్కుతుంది.

## 7. ముద్ద దొరికితే

మొదట వేళ్లు. ముద్దకూ చర్మానికీ మధ్య జుట్టును గట్టిగా పట్టుకోండి, అప్పుడు లాగినా నొప్పి చర్మం దాకా పోదు. స్ప్రే కొట్టి, ముద్దను వేళ్లతో పక్కలకు చీలదీయండి. జుట్టు పొడిగా ఉంటే స్ప్రే బదులు కాస్త కార్న్‌ఫ్లోర్ (మొక్కజొన్న స్టార్చ్) రుద్దినా వెంట్రుకలు జారి విడిపోతాయి. రెండూ కలిపి వాడితే మాత్రం అంబలి అవుతుంది.

తర్వాత దువ్వెన చివరి రెండు పళ్లతో ముద్ద కొస నుంచి కొంచెం కొంచెంగా పీకండి. ఉండ విడుతుంటే స్లికర్ మూలతో తట్టండి.

ఐదు నిమిషాల్లో కదలిక లేకపోతే, లేదా ముద్ద చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటే, ఇక బ్రష్ పని కాదు. క్లిప్పర్ (జుట్టు గొరిగే మిషను) పని. కత్తెర ముట్టుకోకండి! ముద్ద బిగుసుకున్నప్పుడు చర్మం కూడా దానిలోకి లాక్కుని ఉంటుంది. మీరు జుట్టు అనుకుని కోసేది చర్మం కావచ్చు. చెవి అంచున, చంకలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఒళ్లంతా దుప్పటిలా అట్ట కట్టి ఉంటే గ్రూమర్ చేత పొట్టిగా గొరిగించడమే కుక్కకు దయ. గంటలకొద్దీ పీకడం కన్నా కొన్నాళ్లు బోసిగా ఉండడం నయం. జుట్టు మళ్లీ వస్తుంది. గొరిగిన తర్వాత ఒకటి గమనించండి: బరువైన అట్ట పోయిన చెవులను కుక్క అదేపనిగా విదిలిస్తే చెవి రెక్కలో నెత్తురు గడ్డ చేరి ఉబ్బొచ్చు. అలా కనిపించినా, అట్ట కింద చర్మం తడిగా, ఎర్రగా, వాసనగా ఉన్నా పశువైద్యుడికి చూపించండి.

## 8. స్నానం ఎప్పుడు

దువ్విన తర్వాతే. ఈ వరుస నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మా కుక్కకు ఏడాది నిండకముందు చెవుల వెనక నాలుగు ముద్దలు కనిపించాయి. నీళ్లు, షాంపూ పడితే మెత్తబడి విడిపోతాయిలే అనుకుని స్నానం చేయించి, ఎండలో వదిలేశాను. సాయంత్రానికి నాలుగు ముద్దలూ కలిసి చెరో చెవి వెనక ఒక్కో గట్టి పలకలా తయారయ్యాయి. రెండూ గొరిగించాల్సి వచ్చింది. తడిసిన ముద్ద ఆరేకొద్దీ బిగుస్తుంది, ఉన్ని స్వెటర్ ముడుచుకుపోయినట్టు.

కాబట్టి దువ్వెన పరీక్ష పాసైతేనే స్నానం. షాంపూను గుండ్రంగా రుద్దకుండా జుట్టు పోయే దిక్కున పాముతూ పట్టించండి, తర్వాత కండిషనర్. తుండుతో కూడా రుద్దొద్దు, ఒత్తి పిండండి. ఉంగరాలకు గాలికి ఆరబెట్టడం సరిపడదు. డ్రైయర్‌ను తక్కువ వేడిలో పెట్టి, ఒక చేత్తో గాలి, ఇంకో చేత్తో స్లికర్ ఆడిస్తూ మొదళ్ల దాకా ఆరబెట్టండి. జుట్టు నేరుగా సాగి ఆరితే తర్వాతి వారం చిక్కు బాగా తగ్గుతుంది.

వానలో తడిసి వచ్చినా, చెరువులో ఈదినా ఇదే పద్ధతి.

## 9. తరచుగా జరిగే తప్పులు, సవరణలు

"దువ్వెన లోపలికి పోవట్లేదు, స్లికర్ మాత్రం బాగానే పోతోంది." స్లికర్ పైనే తేలుతోంది. పాయలు సన్నగా తీయండి. అప్పటికీ అంతే అయితే పళ్లు పొట్టివి.

"బ్రష్ చూస్తే పారిపోతుంది." వారం రోజులు దువ్వడం ఆపేయండి. బ్రష్ నేల మీద పెట్టి పక్కన తినుబండారం. తర్వాత బ్రష్ వెనక వైపుతో నిమరడం. తర్వాత వీపు మీద మూడే మూడు సార్లు. కాళ్లు, తోక ఆఖరున. ఒంటి మీద ఇప్పటికే ముద్దలుంటే మాత్రం ముందు వాటిని గొరిగించి అప్పుడు ఈ అలవాటు మొదలుపెట్టండి. నొప్పి ఉన్నంతకాలం ఏ తినుబండారమూ పనిచేయదు.

"దువ్విన మర్నాడే ఉంగరాలు పోయి గుబురుగా లేస్తోంది." తప్పేం లేదు. స్ప్రే తేలిగ్గా కొట్టి చేత్తో నలిపితే ఉంగరాలు తిరిగి వస్తాయి. చాలామంది ఈ గుబురు నచ్చకే దువ్వడం మానేసి, చివరికి గొరిగింపు దాకా తెచ్చుకుంటారు.

"అంత తీరిక లేదు." అయితే బొచ్చు పెంచకండి. 2 సెంటీమీటర్లకు కత్తిరించి ఉంచితే పని చాలా వరకు తగ్గుతుంది. పొడవుగా ఉండాలి గానీ దువ్వొద్దంటే ఏ బ్రష్షూ ఆదుకోదు.

## 10. ఎన్ని రోజులకొకసారి

- సాపు జుట్టు: వారానికి ఒకటి రెండుసార్లు
- అలల జుట్టు: వారానికి మూడుసార్లు
- ఉన్ని ఉంగరాలు: రోజూ, లేదా రోజు విడిచి రోజు
- పిల్ల బొచ్చు మారే నెలలు: ఏ రకమైనా రోజూ
- పొట్టిగా కత్తిరించినవి: ఒక మెట్టు తగ్గించుకోవచ్చు

హార్నెస్ రోజూ వేసేవాళ్లు దాని కింద మాత్రం రోజూ దువ్వెన తిప్పండి. గ్రూమర్ దగ్గరికి 4 నుంచి 8 వారాలకొకసారి వెళ్లడం మామూలు. బుక్ చేసేటప్పుడు దువ్వెన ఎక్కడ ఆగుతోందో ముందే చెబితే వాళ్లకూ సమయం కలిసొస్తుంది.

## 11. బ్రష్‌ను చూసుకోవడం

ప్రతిసారీ దువ్వెనతోనే స్లికర్‌లో చిక్కిన బొచ్చు ఎత్తిపారేయండి. నెలకోసారి షాంపూ నీళ్లలో పళ్ల వైపు మాత్రం ముంచి కడిగి, పళ్లు కిందికి ఉండేలా ఆరబెట్టండి. మెత్తలో నీళ్లు నిలిస్తే తీగలు తుప్పు పడతాయి, జిగురు ఊడుతుంది. రెండు కుక్కలుండి ఒకదానికి చర్మ వ్యాధి వస్తే, తగ్గేదాకా ఆ కుక్క బ్రష్ వేరుగా ఉంచండి.

పళ్లు అటూ ఇటూ వంగినా, గుంపులుగా రాలినా, మెత్త పగిలినా కొత్తది కొనాల్సిందే. వంగిన పళ్లను పటకారుతో సరిచేసి వాడొచ్చా అని అడిగేవాళ్లున్నారు. నేనూ ప్రయత్నించాను. సరిచేసిన పన్ను కొస ఎప్పుడూ పక్కకే చూస్తుంది, మోచేతి పరీక్షలో గీత పడింది. ఇప్పుడు ఆ బ్రష్‌తో కార్పెట్ దులుపుతున్నాం.